మూడో నంబరు లాకప్పులో మొక్క

వెర్నా కెస్లర్ పెంచుకున్న ఆరు గంజాయి మొక్కల్నీ పోలీసులు పట్టుకున్న రోజున ఎలోయ్ తఫోయా చేసిన మొదటి పని, డిప్యూటీ లానీ చేతిలోంచి కత్తెర లాక్కోవడం.

"ఇటియ్యి అది," అన్నాడు.

"ఏంటి బాబాయ్ కొత్తగా? ఎప్పుడూ మొదలంటా కోసి, కట్ట కట్టి, వేలాడదీసేవాళ్లమేగా?"

"కోసింది మళ్లీ అతికిస్తావా?"

"అతికించే పనేముంది?"

"రేపు ఆవిడ కోర్టులో గెలిస్తే తిరిగివ్వాలి. కుండీలతో పాటే దింపు. మెల్లగా దింపు. అవి పిల్లలనుకో."

లానీ నవ్వాడు. నవ్వుతూనే దింపాడు. ఆగస్టు ఎండలో ట్రక్కు వెనక ఆరు కుండీలు నిలబడి ఉన్నాయి. మూడు మొగ్గ తొడిగినవి, నడుమెత్తు. మూడు పిల్లవి, మోకాలెత్తు.

పియెద్రా కౌంటీ షెరీఫ్ ఆఫీసులో సాక్ష్యాల గది ఎలోయ్ చేతి కింద ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఉంది. ఆ గదిలోకి తుపాకులు వచ్చాయి, కత్తులు వచ్చాయి, గుర్రం జీను వచ్చింది, ఒకసారి గాజు కన్ను కూడా వచ్చింది. ఏది వచ్చినా రిజిస్టర్లో ఒక వరుస. వరుసలో రెండు గడులు. వచ్చినప్పుడు ఎలా ఉంది, పోయేటప్పుడు ఎలా ఉంది. పంతొమ్మిదేళ్లలో రెండో గడిలో అతను రాసింది ఒకటే మాట. 'వచ్చినట్టే.' ఆ మాట అబద్ధమని ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. ఎలోయ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడాల్సిందంతా ఆ గడిలో ఉందని అతని నమ్మకం.

మొక్కల సంగతి వేరు. నాలుగేళ్ల కిందట కొలరాడో జనం ఓట్లేసి ఒక మాట తమ రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. జబ్బుతో బాధపడేవాళ్లు డాక్టరు కాగితం చూపించి, రాష్ట్రం ఇచ్చే కార్డు తీసుకుని, మందు కోసం ఆరు మొక్కలు పెంచుకోవచ్చు. పియెద్రా కౌంటీ వద్దని ఓటేసింది. రాష్ట్రం కావాలంది. షెరీఫ్ బర్ల్ హాస్కెట్ ఊరూరా తిరిగి వద్దని చెప్పినవాడు. తన మాట ఓడిపోయాక ఆ చట్టం కాగితం ముఖం చూడలేదు. ఎలోయ్ చూశాడు. ఒక ఆదివారం వంటింట్లో కూర్చుని, వరుస కింద వేలు పెట్టుకుని, చివరిదాకా చదివాడు. అందులో ఒకచోట వేలు ఆగిపోయింది. పోలీసులు పట్టుకున్న మొక్కలు వాళ్ల దగ్గర ఉన్నంతకాలం దెబ్బ తినకూడదు. వాటిని పట్టించుకోకుండా వదిలేయకూడదు. నాశనం చేయకూడదు. కేసు కొట్టేస్తే వెంటనే తిరిగివ్వాలి.

అంటే నీళ్లు పోయాలి. పోయకపోతే కౌంటీ బోనులో నిలబడాలి. కౌంటీ తరఫున నిలబడేది ఎవరో చెప్పక్కర్లేదు. గది తాళం చెవి ఎవరి నడుముకి ఉందో అతనే.

ఈ సంగతి చెబితే బర్ల్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బస్సులో బడికెళ్లిన వాళ్లు. ఎలోయ్ మధ్యలో దిగిపోయాడు, బర్ల్ చివరిదాకా వెళ్లాడు.

"మొక్కలకి నీళ్లు పొయ్యమనా నాకు జనం ఓటేసింది?"

"నువ్వు పొయ్యక్కర్లేదు. నేను పోస్తా."

"ఒరేయ్ ఎలోయ్, అది గంజాయిరా. గులాబీ తోట కాదు."

"రిజిస్టర్లో ఆరని రాశాను. ఆరూ తిరిగివ్వాలి."

"ముసల్దానికి కార్డే లేదు. కేసు కొట్టేసేదెవడు?"

కార్డు లేకపోవడం నిజమే. పాత కార్డు గడువు అయిపోయింది. కొత్తదానికి దరఖాస్తు పంపింది, ఇంకా రాలేదు. ఆ మధ్యలో పొరుగింటివాడు వాసన వస్తోందని ఫోను చేశాడు, లానీ వెళ్లాడు. వెర్నా దరఖాస్తు నకలు చూపించింది. కార్డు చూపించమన్నాడు లానీ. పోస్టులో ఉందంది. అయితే మొక్కలు మా దగ్గర ఉంటాయన్నాడు.

ఎలోయ్ ఇంటికెళ్లి, విత్తన దుంపలు మొలకెత్తించే షెడ్డులోంచి పొడుగు దీపాలు రెండు విప్పుకొచ్చి, గదిలో ఒక మూల కట్టాడు. వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా బంగాళాదుంపలే పండించారు. అన్న ఇప్పటికీ పండిస్తున్నాడు. మట్టిలో వేలు గుచ్చి తడి చూడటం ఎలోయ్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. రోజూ పొద్దున్నే వేలు గుచ్చేవాడు. తడి ఉంటే వదిలేసేవాడు, పొడిగా ఉంటే చెంబుతో పోసేవాడు. ఎన్ని చెంబులో రిజిస్టర్లో రాసేవాడు. మొక్కలు పచ్చగా, నవనవలాడుతూ నిలబడ్డాయి. చూసి లోపల్లోపల పొంగిపోయాడు కూడా.

తొమ్మిదో రోజున వెర్నా వచ్చింది.

ఆమెకి డెబ్బై ఒకటి. దుంపల గిడ్డంగిలో ముప్పై రెండేళ్లు బెల్టు పక్కన నిలబడి, కుళ్లినవి ఏరి పక్కన పడేసిన మనిషి. చలికి, తడికి వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి. పూత మొక్కల్ని కోసి, ఎండబెట్టి, కొవ్వులో కాచి లేపనం చేసుకుంటుంది. అది రాసుకుంటే వేళ్లు విచ్చుకుంటాయి. వేళ్లు విచ్చుకుంటే గొడ్డలి పట్టుకోగలదు. గొడ్డలి పట్టుకుంటేనే పొయ్యిలోకి కట్టెలు. ఏడున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న ఊళ్లో జనవరి అంటే ఏంటో ఆ లోయలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. ఆ మూడు పూత మొక్కలే ఆమె చలికాలం.

తన వస్తువుల్ని చూసుకునే హక్కు తనకుందని, చూపించకపోతే ఇక్కడే కూర్చుంటానని, మడత కుర్చీ చంకలో పెట్టుకుని వచ్చింది.

"కుర్చీ అక్కర్లేదమ్మా," అన్నాడు ఎలోయ్. "చూడండి. ముట్టుకోవద్దు."

"నా బిడ్డల్ని నేను ముట్టుకోకూడదా?"

"ఇప్పుడవి సాక్ష్యాలు."

"సరేలే, సాక్ష్యాలనే చూస్తా." వంగి కుండీల వైపు చూసింది. "నీళ్లు బాగానే పోశావు. వేలు పెట్టి చూస్తావా?"

"చూస్తా."

"దుంపల వాళ్ల పిల్లాడివా?"

"తఫోయాలం."

"ఓహో, ఆ తఫోయాలా! మీ నాన్న తెచ్చే బస్తాల్లో అడుగున రాళ్లుండేవి."

"రాళ్లు మా పెదనాన్నవి. మా నాన్నవి మట్టిగడ్డలు."

వెర్నా నవ్వబోయి ఆగింది. పైకి చూసింది. దీపాల వంక చూసింది, గోడ మీద కెమెరా వంక చూసింది.

"ఈ దీపాలు ఎన్నింటికి ఆర్పుతావు?"

"ఆర్పం."

"రాత్రి?"

"రాత్రీ ఆర్పం. ఈ గదిలో దీపం ఆరకూడదు. రూలు."

ఆమె నడుము నిటారుగా చేసుకుని అతని ముఖంలోకి చూసింది.

"ముద్దాయిని నిద్రపోనివ్వకుండా నేరం ఒప్పించే పద్ధతి నా మొక్కల మీద కూడా మొదలుపెట్టారా? ఏం ఒప్పుకున్నాయి ఇంతవరకు?"

"అర్థం కాలేదమ్మా."

"పూతకొచ్చిన మొక్కకి రోజుకి పన్నెండు గంటల చీకటి కావాలి. గుడ్డి చీకటి. ఆ చీకటి లేకపోతే పూత మానేసి మళ్లీ ఆకులేసుకుంటుంది. ఆకులేసుకుంటూ నీకు పచ్చగా కనిపిస్తుంది, నువ్వు మురిసిపోతావు. నాకు మిగిలేది గడ్డి. ఒక్కోటి పిచ్చెక్కి మగ పూత కూడా వేస్తుంది. అది పక్కవాటి మీద రాలిందా, అన్నీ గింజ కడతాయి. ఇక మందుకి పనికిరావు. తొమ్మిది రోజులు! దుంపల వాళ్లింట్లో పుట్టి చీకటి విలువ తెలీదా నీకు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. దుంపని వెలుగులో పెడితే పచ్చబడుతుంది, చేదెక్కుతుంది, తిన్నవాడికి కడుపునొప్పి వస్తుంది. ఈ ముక్క అతనికి మాటలు రాకముందే తెలుసు. కాని అది మట్టి లోపల ఉండేది. మట్టి పైన ఉండేవాటికి ఎంత వెలుగిస్తే అంత మేలనుకున్నాడు.

"ఈ రాత్రి నుంచి చీకటి ఇస్తా," అన్నాడు.

"రూలో?"

"అది నేను చూసుకుంటా. మీరు మగ పూత ఎలా ఉంటుందో చెప్పండి."

"అరటిపండ్ల గెల చూశావా? బియ్యపు గింజంత అరటిపండు ఊహించుకో. పసుపు పచ్చన. మొగ్గలోంచి పొడుచుకొస్తుంది. రోజూ రెండు పూటలా చూడు. కళ్లద్దాలున్నాయా?"

"ఉన్నాయి."

"పెట్టుకో."

మడత కుర్చీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

దీపం ఆర్పడం ఎలోయ్ చేతుల్లో లేదు. బర్ల్ షెరీఫ్ కాకముందు, గది ఎలోయ్ చేతికి రాకముందు, ఆ గదిలోంచి రెండు పిస్తోళ్లు మాయమయ్యాయి. ఆ గదిలో ఇక దీపం ఆరదు, కెమెరా కన్ను మూయదు అని చెప్పి బర్ల్ మొదటిసారి ఎన్నిక గెలిచాడు. గెలిచిన మర్నాడే స్విచ్చుకి ఇనప డబ్బా బిగించి తాళం వేశాడు. ఆ తాళం చెవి అతని గొలుసుకే ఉంటుంది.

"కుదరదు," అన్నాడు బర్ల్. "చీకట్లో కెమెరాకి ఏం కనిపిస్తుంది? రేపు మొక్కలు మారాయని ఆవిడే అంటుంది. అప్పుడేం చెబుతావు?"

"సరే. దీపం ఆర్పను. మొక్కలకి మాత్రం చీకటి ఇస్తా."

"ఎలా ఇస్తావురా? నోటితో ఊది ఇస్తావా?"

ఎలోయ్ మధ్యాహ్నం అన్న పొలానికి వెళ్లి, దుంపల కుప్పల మీద కప్పే నల్ల పట్టా ఒక ముక్క, నీళ్ల పైపులు నాలుగు తెచ్చాడు. పైపులతో చట్రం కట్టి పూత మొక్కలు మూడింటినీ దానిలో పెట్టాడు. వెనక గాలాడటానికి ఒక గొట్టం వంచి పెట్టాడు, వెలుగు దూరకుండా. సాయంత్రం ఏడింటికి పట్టా దించి, నాలుగు అంచుల మీదా సీలు కాగితం అంటించి, దాని మీద అడ్డంగా సంతకం చేసి, వేళ రాశాడు. పొద్దున్న ఏడింటికి సీలు పగలలేదని కెమెరా ముందు ఎత్తి చూపించి, మళ్లీ సంతకం చేసి, చింపి, కవర్లో దాచాడు. తుపాకీ మూటకి చేసే మర్యాదే. చీకటికి చేశాడంతే.

పిల్ల మొక్కలు మూడింటికీ వెలుగు ఎంతున్నా నష్టం లేదని వెర్నా చెప్పింది. వాటిని బయటే ఉంచాడు.

రోజూ ఏడింటికి అన్నం మధ్యలో లేచి వెళ్లాల్సి వచ్చేది. భార్య రమోనా పళ్లెం మీద మూత పెడుతూ, "వెళ్లు, వెళ్లు. నీ ఆడపిల్లల్ని పడుకోబెట్టి రా. మన పిల్లలు ముగ్గుర్నీ పెంచేటప్పుడు ఒక్క రోజు చేశావా ఈ పని?" అనేది. ఎలోయ్ టోపీ పెట్టుకునేవాడు.

సెప్టెంబరు రెండో వారంలో, పొద్దున్న పట్టా ఎత్తి కళ్లద్దాలు పెట్టుకుంటే, నడిమి మొక్కలో కనిపించింది. బియ్యపు గింజంత, పసుపు పచ్చన. ఒకటి కాదు, నాలుగు. ఎలోయ్ లెక్క కట్టాడు. తొమ్మిది రాత్రుల వెలుగు మూడింటి మీదా పడింది. రెండు తట్టుకున్నాయి, ఇది తట్టుకోలేకపోయింది. చేసింది తనే.

ముందు చేయాల్సింది ముందు చేశాడు. ఊపిరి బిగబట్టి, తక్కిన రెండింటి మీదా మంచులాగా నీళ్లు చల్లాడు. తడిసిన పుప్పొడి పనిచేయదు. తర్వాత బర్ల్ దగ్గరికి వెళ్లాడు. గదిలో కౌంటీ వకీలు ఫెంటన్ కూడా ఉన్నాడు.

"పీకి కాల్చెయ్," అన్నాడు బర్ల్. "ఐదుంటాయిగా."

"అమ్మో, ఆ పని చేయొద్దు," అన్నాడు ఫెంటన్. "నాశనం చేయకూడదని చట్టంలో ఉంది. ఎక్కడిది అక్కడే ఉండనివ్వండి. ముట్టుకోవద్దు."

"ఎక్కడిది అక్కడే ఉంటే మిగతా రెండూ పోతాయి," అన్నాడు ఎలోయ్.

"పోతే పోతాయి. దానంతట అది జరిగింది. మనం చేసింది కాదు."

"మనం చేసిందే."

ఇద్దరూ అతని వంక చూశారు. ఎలోయ్ బయటికి వెళ్లి, కుండీ ఎత్తుకుని, వరండా చివర ఉన్న మూడో నంబరు లాకప్పులో పెట్టి తాళం వేశాడు. ఆ లాకప్పు వేసవి నుంచి ఖాళీగానే ఉంది. దానికి కెమెరా ఉంది. స్విచ్చుకి డబ్బా లేదు. ఖైదీల పట్టీలో 'మొక్క ఒకటి' అని రాసి సంతకం చేశాడు.

లానీకి ఆ వారమంతా పండగే.

"బాబాయ్, బెయిలు ఎంత పెట్టారు దానికి?"

"పని చూసుకో."

"ఒక ఫోను చేసుకోనివ్వాలిగా పాపం. వాళ్లమ్మకి."

"వాళ్లమ్మ వచ్చి నీ చెవి మెలేస్తుంది, ఆగు."

"భోజనం ఏం పెడుతున్నారు? మనవాళ్లకి పెట్టే సూపు పెట్టకండి, చచ్చి ఊరుకుంటుంది. అప్పుడు నిజంగా కేసవుతుంది."

కేసు విచారణ అక్టోబరు ఏడున. ముందు రోజు ఫెంటన్ ఎలోయ్‌ని కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "ఆరూ బతికి ఉన్నాయా అని అడుగుతాను. ఉన్నాయి అను. అంతే. అడిగినదానికే జవాబు. నువ్వెలాగూ ఎక్కువ మాట్లాడవు కదా, నాకు దిగుల్లేదు."

ఫెంటన్ వెళ్లాక బర్ల్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎలోయ్, ఆ ఒక్కదాని సంగతి ఆవిడకి తెలీదు. తెలియక్కర్లేదు. కౌంటీ తప్పని కోర్టు ఒక్కసారి రాసిందంటే, రేపు వచ్చే ఎన్నికల్లో ఊళ్లో ప్రతి గోడ మీదా అదే ఉంటుంది. నీ గది తాళం చెవి ఇంకొకళ్లకి ఇవ్వడం నాకు ఒక్క నిమిషం పని. ఆ పని నాతో చేయించకు."

"ఇవ్వు. రిజిస్టరు కూడా ఇవ్వాలి మరి. అందులో నా రాత ఉంటుంది."

బర్ల్ వెళ్లిపోయాడు. ఎలోయ్ ఆ సాయంత్రం కూడా ఏడింటికి పట్టా దించి సీలు వేశాడు.

కోర్టు చిన్న హాలు. ఆరు కుండీలూ బల్ల మీద పెట్టారు. గది నిండా వాసన. జడ్జి ఆస్ట్రాండర్ ముసలాయన, కిటికీ తెరవమన్నాడు. వెర్నాకి వకీలు లేడు. "నా నోరు బాగానే పనిచేస్తోంది, చేతులకే రోగం," అని చెప్పి తనే నిలబడింది. రాష్ట్రం నుంచి వచ్చిన ఉత్తరం చూపించింది. దరఖాస్తు జూలైలోనే అందింది, అందిన రోజు నుంచే చెల్లుతుంది అని అందులో ఉంది. జడ్జి రెండుసార్లు చదివి కేసు కొట్టేశాడు. దానికి పది నిమిషాలు పట్టలేదు.

"ఇప్పుడు రెండో సంగతి," అన్నాడు. "మొక్కలు తిరిగివ్వాలి. పాడైతే నష్టం కౌంటీ భరించాలని ఈమె రాసిచ్చింది. పాడయ్యాయా?"

ఫెంటన్ ఎలోయ్‌ని బోనులోకి పిలిచాడు.

"ఆరు మొక్కలూ బతికే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అంతే. ధన్యవాదాలు."

వెర్నా లేచింది. బల్ల దగ్గరికి వెళ్లి, ఒక్కో మొక్క మీదా వంగి, ముక్కు ఆనించి చూసింది. తొందరపడలేదు. లాకప్పు మొక్క దగ్గర ఎక్కువసేపు ఆగింది. గింజలు ఏరే మనిషిలా రెండు వేళ్లతో మొగ్గ విప్పింది. ముఖంలో ఏం కనపడనివ్వలేదు. తిరిగి వచ్చి ఎలోయ్ ఎదురుగా నిలబడింది.

"తఫోయా, నీ రిజిస్టర్లో రెండో గడి ఒకటుందట. ఊరంతా చెప్పుకుంటారు. ఈ ఆరింటికీ అందులో ఏం రాస్తావు?"

"అభ్యంతరం," అన్నాడు ఫెంటన్. "ఇంకా రాయనిదాని గురించి అడుగుతున్నారు."

"నాకూ తెలుసుకోవాలని ఉంది," అన్నాడు జడ్జి. "చెప్పు."

బర్ల్ మొదటి వరుసలో కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, దాని అంచు చుట్టూ వేలు తిప్పుతున్నాడు. ఎలోయ్ అతని వంక ఒకసారి చూసి, జడ్జి వైపు తిరిగాడు.

"ఐదింటికి, వచ్చినట్టే అని రాస్తాను. ఆరోదానికి అలా రాయలేను. అది పాడైంది. గింజ కట్టింది. మందుకి పనికిరాదు."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఎలా పాడైంది?" అన్నాడు జడ్జి.

"మా గదిలో దీపం ఆరకూడదని రూలు. తొమ్మిది రాత్రులు వెలుగులో ఉంచాను. ఉంచకూడదు. నాకు తెలీదు."

"ఇది అడగని ప్రశ్నకి..." అంటూ ఫెంటన్ లేచాడు.

"నేను అడిగాను," అన్నాడు జడ్జి. "కూర్చోండి. తఫోయా, ఆ తప్పు రూలుదా, నీదా?"

"రూలు షెరీఫ్‌ది. మొక్కలు నా చేతి కింద ఉన్నవి. ఈమె వచ్చి చెప్పేదాకా నేను ఎవర్నీ అడగలేదు. అడిగి ఉండాల్సింది."

"చెప్పాక?"

ఎలోయ్ కింద పెట్టిన అట్టపెట్టె ఎత్తి బల్ల మీద పెట్టాడు. అందులో ముప్పై తొమ్మిది కవర్లు. ఒక్కో కవర్లో ఒక రాత్రి సీళ్లు, వేసిన వేళ, తీసిన వేళ, సంతకాలు. జడ్జి నాలుగైదు కవర్లు తీసి వెలుగులో పెట్టి చూశాడు. ఒక ఆదివారంది తీశాడు, ఒక సెలవు రోజుది తీశాడు. రెండింటిలోనూ ఏడూ, ఏడే ఉంది.

"మా ఇంట్లో పిల్లలు కూడా ఇంత క్రమంగా పడుకోలేదు," అన్నాడు. హాలంతా నవ్వింది. బర్ల్ నవ్వలేదు. జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈ కవర్లు లేకపోతే మూడు పూత మొక్కలూ పోయాయని, కౌంటీ చూసీ చూడకుండా వదిలేసిందని రాయాల్సి వచ్చేది. ఇవి ఉన్నాయి గనక ఒక్కదానికే రాస్తున్నాను. ఒక మొక్క పాడైంది, ఆ నష్టం కౌంటీది. మిసెస్ కెస్లర్, దాని విలువ ఎంత?"

"నాకు తెలీదండీ. ఎప్పుడూ కొనలేదు, ఎప్పుడూ అమ్మలేదు."

"ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా."

వెర్నా తన వేళ్లు చూసుకుంది.

"మూడు మొక్కలు నాకు ఒక చలికాలం వస్తాయి. ఒకటి పోయింది. అంటే మూడో వంతు రోజులు నా చేతులు గొడ్డలి పట్టలేవు. ఆ రోజులకి నా కట్టెలు ఎవరైనా కొట్టిపెట్టాలి. నాకు రావాల్సింది అంతే. అంతకంటే ఒక్క పుల్ల ఎక్కువొద్దు. తక్కువైతే ఊరుకోను."

ఫెంటన్ వంగి బర్ల్ చెవిలో ఏదో అన్నాడు. బర్ల్ తల అడ్డంగా ఊపాడు. ఫెంటన్ మళ్లీ ఏదో అన్నాడు. బర్ల్ ఈసారి ఊపలేదు.

"కౌంటీకి సమ్మతమే," అన్నాడు ఫెంటన్.

"నేను వెళ్తా," అన్నాడు ఎలోయ్ బోనులోంచే. "తప్పు నాది."

"నువ్వొద్దు," అంది వెర్నా. "ముప్పై తొమ్మిది రాత్రులు అన్నం వేళకి లేచి వచ్చావు, నీది చెల్లిపోయింది. దీపం ఆరకూడదన్న ఆయన్ని పంపండి."

జడ్జి కలం పట్టుకుని బర్ల్ వంక చూశాడు. హాలంతా బర్ల్ వంకే చూసింది. అందులో ఓటర్లు ముప్పైమంది దాకా ఉన్నారు. బర్ల్ టోపీ తిప్పడం ఆపాడు.

"గొడ్డలి నాదే తెచ్చుకోవాలా?" అన్నాడు చివరికి.

"నాది బాగానే ఉంది," అంది వెర్నా. "పదును పెట్టుకోవాలి."

కుండీలు ఆరూ ఆమె ట్రక్కులోకి ఎక్కించింది ఎలోయ్. లాకప్పు మొక్కని కూడా వెర్నా తీసుకుపోయింది. గింజలైనా దాచుకుంటానంది. బయల్దేరే ముందు రిజిస్టరు చూపించమంది. అతను బోనెట్ మీద పెట్టి తెరిచాడు. ఐదు వరుసల్లో 'వచ్చినట్టే' అని రాశాడు. ఆరో వరుసలో 'పాడైంది. నా వల్ల.' అని రాసి సంతకం చేశాడు. పంతొమ్మిదేళ్లలో ఆ గడిలో ఇంకో మాట పడటం అదే మొదలు. ఆమె దాన్ని చదివి, పక్కన తన వంకర వేళ్లతో, కష్టపడి, అందినట్టు సంతకం పెట్టింది.

"మీ పెదనాన్న రాళ్ల సంగతి మర్చిపోతాలే," అంది.

గది తాళం చెవి బర్ల్ ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తాడని ఎలోయ్ అనుకోనూ లేదు.

నవంబరు రెండో శనివారం మొదటి మంచు పడింది. లానీ ఆ దారిన పోతూ చూసి వచ్చాడట. వరండాలో మడత కుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని వెర్నా కూర్చుంది. ముందర బర్ల్ చొక్కా చేతులు మడుచుకుని కట్టెలు కొడుతున్నాడు. "సన్నగా! ఇంకా సన్నగా! అది నా పొయ్యి, నీ జైలు బాయిలరు కాదు," అని ఆవిడ అరుస్తోందట. ఈ కథ లానీ ఆఫీసులో మూడుసార్లు చెప్పాడు, నాలుగోసారి చెబుతుండగా బర్ల్ లోపలికి వచ్చాడు.

సోమవారం పొద్దున్న బర్ల్ సాక్ష్యాల గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అరచేతులకి కట్లు. ఆ మూలలో పైపుల చట్రం ఇంకా అలాగే ఉంది.

"అది తీసెయ్యలేదేం?"

"మళ్లీ ఎవరివో వస్తాయి."

బర్ల్ ఆ చట్రాన్ని కాసేపు చూశాడు. గొలుసులోంచి చిన్న తాళం చెవి ఒకటి, కట్టు కట్టిన వేళ్లతో తంటాలు పడి, ఊడదీశాడు. స్విచ్చు డబ్బాది.

"నీ దగ్గర ఉంచు. ఎప్పుడు ఆర్పాలో నీకు తెలుసు."

"రాసుకోవాలి."

"రాసుకోరా. నువ్వు రాసుకోనిదేముంది?"

అతను వెళ్లాక ఎలోయ్ రిజిస్టరు తెరిచాడు. 'తాళం చెవి ఒకటి. ఇచ్చినవారు షెరీఫ్.' మొదటి గడిలో 'ఇనపది, తుప్పు లేదు' అని రాశాడు. రెండో గడి ఖాళీగా వదిలేశాడు. దాన్ని తిరిగిచ్చే ఉద్దేశం అతనికి లేదు.